మగోమె నుండి త్సుమగో వఱకు: జపాను దేశమందలి యొక కొండదారి

జపాను దేశములో నాలుగింట మూడు పాళ్లు కొండలే యని మన విద్యార్థులు భూగోళ పాఠములలో చదివియే యుందురు. పరీక్షలో అడిగినచో తప్పక వ్రాయుదురు కూడ. కాని అన్ని కొండలు గల దేశమున రైలు లేని కాలమందు మనుష్యులును, సరకులును, ప్రభువుల యుత్తరువులును ఒక చోటినుండి మఱియొక చోటికి ఎట్లు పోయెడివని మమ్ము అడిగిన బాలుడు ఇంతవఱకు తారసపడలేదు. ఆ సంగతిని తెలుపుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము. దేశమంతటిని వర్ణింపబోము. మగోమె, త్సుమగో అను రెండూళ్ల నడుమ నున్న ఎనిమిది కిలోమీటర్ల కాలిదారిని మాత్రము తీసికొందుము. ఒక అక్టోబరు మాసమున మేము ఆ దారిని నడచి చూచితిమి. మూడు గంటలలో ముగియు నడక యది. కాని దానిని సరిగా తెలిసికొనవలెనన్న నాలుగు వందల యేండ్ల చరిత్రను కొంచెమైనను తడవి చూడవలసి యుండును.

1600 సం॥న సెకిగహర యుద్ధమున గెలిచిన తోకుగవ ఇయెయసు అను ప్రభువు ఎడో నగరమును తన పాలనకు ముఖ్యస్థానముగా చేసికొనెను. నేటి టోకియో నగరమే ఆనాటి ఎడో. చక్రవర్తి మాత్రము పూర్వాచారము ననుసరించి క్యోతో నగరముననే యుండెను. అధికారము ఒక చోటను, సింహాసనము వేఱొక చోటను ఉండుటచేత ఈ రెండు నగరములకు నడుమ మంచి మార్గములు అవశ్యములయ్యెను. 1601 సం॥ మొదలుకొని ఐదు రాజమార్గములను క్రమముగా ఏర్పఱచిరి. వానిలో క్యోతోకు పోవునవి రెండు. మొదటిది సముద్రతీరము వెంబడి పోవు తోకైదో. రెండవది నకసెందో, అనగా నడిమి కొండలలోని మార్గము. నకసెందో పొడవు సుమారు 530 కిలోమీటర్లు. దానిమీద 69 మజిలీ యూళ్లు ఉండెను.

తీరపు దారి కొంత దగ్గఱయే. అయినను దానికి అడ్డముగా పెద్ద యేఱులు పాఱుచుండెను. వానిలో ఓయి యను నదికి వంతెన కట్టనియ్యక, శత్రుసేన సులభముగా దాటరాదని ప్రభుత్వమువారే అడ్డుపెట్టిరి. బాటసారులు కూలివాండ్ర భుజములనెక్కి దాటవలసినదే. వరద వచ్చెనా, ఒడ్డునే దినముల తరబడి కూర్చుండవలసినదే. కొండదారిలో ఎక్కుడు దిగుడుల శ్రమ యున్నను అట్టి పెద్ద యేఱుల బాధ తక్కువ. కావున నీటికి భయపడువారును, గొప్ప యింటి స్త్రీలును తఱచు దీనినే కోరుకొనెడివారు. 1861 సం॥న చక్రవర్తి చెల్లెలగు కజునోమియ యను రాజకుమారి తోకుగవ ఇయెమొచికి పెండ్లికూతురై ఎడోకు పోయినది ఈ దారినే. ఆమె వెంట వేలకొలది జనము నడచెను. ఆ యూరేగింపు ఒక్కొక్క మజిలీని దాటుటకే కొన్ని దినములు పట్టెనట.

నకసెందోలో కిసో యను నది లోయ వెంబడి పోవు భాగమున పదునొకండు మజిలీలు గలవు. ఎడోనుండి లెక్కించినచో 42వది త్సుమగో, 43వది మగోమె. మగోమెతో కిసో మజిలీలు ముగియును.

మజిలీ యూరనగా మన సత్రముల వంటి యిండ్లు నాలుగు గల యూరని తలంపరాదు. అది ప్రభుత్వపు యంత్రములో ఒక చక్రము. ఊరి నడుమ గొప్ప ప్రభువులు దిగుటకు హోన్‌జిన్ అను పెద్ద యిల్లొకటి యుండును. అది చాలనప్పుడు, లేదా ఒకేనాడు ఇరువురు ప్రభువులు వచ్చినప్పుడు, రెండవ వారికి వకిహోన్‌జిన్ అను మఱియొక యిల్లు. సామాన్యులకు పూటకూళ్ల యిండ్లు. వీని యన్నింటికంటెను ముఖ్యమైనది సరకుల కచ్చేరి. ఒక మజిలీనుండి వచ్చిన మూటలను అచ్చట దింపి, వేఱు మనుష్యులపైనను వేఱు గుఱ్ఱములపైనను ఎత్తి, తరువాతి మజిలీకి సాగనంపవలెను. నకసెందోమీద ఒక్కొక్క మజిలీ 50 మందిని, 50 గుఱ్ఱములను సిద్ధముగా నుంచవలెనని నియమము. కిసో లోయ బీదది గనుక అచ్చట 25 మంది, 25 గుఱ్ఱములు చాలునని తగ్గించిరి.

తగ్గించిన మాట నిజమే గాని, సామంత ప్రభువు లందఱును ఏండ్ల వంతున ఎడోలో నివసించి తీరవలెనని వేఱొక చట్టముండెను. ఒక ప్రభువు కదలెనన్న వందలకొలది పరివారము కదలును. అప్పుడు ఇరువదియైదుగురు ఏ మూలకు వత్తురు? చుట్టుప్రక్కల పల్లెలనుండి రైతులు తమ గుఱ్ఱములతో వచ్చి మోయవలెను. నాట్ల కాలమైనను, కోతల కాలమైనను పిలుపు వచ్చినచో నాగలి విడిచి రావలసినదే. ఈ వెట్టికి ఆ దేశమున సుకెగో అని పేరు. నేడు ఆ ఱాతిబాటను చూచి ఎంత సొగసుగా నున్నదని మెచ్చుకొను బాటసారులలో ఈ సంగతి నెఱిగినవారు మిక్కిలి కొలదిమంది యని మా యభిప్రాయము. ఆ ఱాళ్లు ప్రభువుల పాదములతో నునుపెక్కినవి కావు. ప్రభువులు పల్లకీలలో పోయిరి.

ఇక నడక మొదలు పెట్టుదము. మగోమె సముద్రమట్టమునకు సుమారు 600 మీటర్ల యెత్తున నున్నది. త్సుమగో సుమారు 420 మీటర్ల యెత్తున నున్నది. నడుమ కనుమ 800 మీటర్లకు దగ్గఱ. కావున మగోమె వైపునుండి బయలుదేరినచో మొదట రెండు కిలోమీటర్లకు పైగా ఎక్కి, తరువాత ఐదున్నర కిలోమీటర్లు దిగుచు పోవచ్చును. త్సుమగో వైపునుండి వచ్చువారు దాదాపు రెట్టింపు ఎక్కవలెను. మోకాళ్లను గూర్చి చింత గలవారు దిగుడే కష్టమందురు గాని, మావంటి వయసు వారికి ఊపిరి యొక్క చింతయే మొదటిది. కావున మేము మగోమెనే యెన్నుకొంటిమి. నగోయ నగరమునుండి రైలులో సుమారు గంటసేపు పోయి నకత్సుగవ యను స్టేషనులో దిగి, అచ్చటినుండి బస్సులో అరగంటలో మగోమె చేరవచ్చును.

మగోమె యూరు కొండ వాలుమీద నిచ్చెన వలె నిలిచియున్నది. ఉన్నది ఒకటే వీధి. అది క్రిందినుండి పై వఱకు పఱచిన ఱాళ్లతో నిటారుగా ఎక్కును; ఇరుప్రక్కల కాలువలలో కొండనీరు గలగల పాఱుచుండును; ఒక చోట ఆ నీరు కొయ్యచక్రమును త్రిప్పుచున్నది. ఊరి మొదటనే దారి రెండుసార్లు హఠాత్తుగా మడతపడి పోవును. ఇది కట్టినవారి చేతకానితనము కాదు. దండెత్తి వచ్చు సేన ఒక్క పరుగున ఊరిలోనికి దూసికొని రాకుండుటకై ప్రతి మజిలీలోను ఇట్టి మలుపులను కావలెననియే పెట్టిరి. 1895 సం॥నను, 1915 సం॥నను పుట్టిన అగ్నిప్రమాదములలో పాత యిండ్లు చాలవఱకు కాలిపోయెను. నేడు కనబడు కొయ్యయిండ్లు తరువాత కట్టినవి. ఇది తెలిసి కొందఱు బాటసారులు మగోమె అసలైనది కాదని పెదవి విఱుతురు. మాకు ఆ మాట నచ్చలేదు. కాలిపోయిన తరువాత అదే చోట, అదే వాలుమీద, అదే ఱాతిబాట కిరుప్రక్కల మరల ఇండ్లు కట్టుకొనిన జనమును నకిలీ యనుట న్యాయము కాదు.

ఈ యూరి హోన్‌జిన్‌ను వంశపారంపర్యముగా నడపినది షిమజకి కుటుంబము. ఆ యింట 1872 సం॥న జన్మించినవాడే జపాను సాహిత్యమున ప్రసిద్ధుడగు షిమజకి తోసన్. ఈయన టోకియోలోని మెయిజి గకుయిన్ అను మిషను విద్యాలయమున చదివి, 1891 సం॥న అచ్చటి మొదటి పట్టభద్రులలో నొకడై వెలువడెను. ఆ విద్యాలయమున నేటికిని పాడు పాఠశాల గీతము ఈయన వ్రాసినదే. ఈ పత్రికను చదువు మన బాలురకు ఈ సంగతి ప్రత్యేకముగా రుచించునని తలంచి వ్రాయుచున్నాము. ఈయన 1929 మొదలు 1935 వఱకు 'యొఅకె మాయె' అను పెద్ద నవలను ప్రకటించెను. 'తెల్లవాఱక మునుపు' అని దాని యర్థము. అందలి కథానాయకుడు తన తండ్రియే. పేరు మాత్రము మార్చెను. తోకుగవల పాలన కూలి, 1868 సం॥న క్రొత్త ప్రభుత్వము వచ్చినప్పుడు, ఇక బీదలకు మంచికాలము వచ్చునని ఆ తండ్రి గట్టిగా నమ్మెను. కిసో యడవులను జనులకు తెఱవవలెనని విన్నపములు వ్రాసెను. దానికి ఫలముగా 1873 సం॥న ఆయన గ్రామాధికారము ఊడెను. కడకు మతి చలించి, బంధింపబడిన గదిలోనే 1886 సం॥న మరణించెను. తోసన్ 1943 సం॥న గతించినాడు. హోన్‌జిన్ కాలిపోయిన స్థలమున ఊరివారు తమ చేతులతో పనిచేసి 1947 సం॥న ఆయన పేర స్మారక మందిరమును కట్టిరి. యుద్ధమున నోడి, తిండికి గుడ్డకు ఇబ్బందిగా నున్న యేండ్లవి.

వీధి పైకొనకు వచ్చినచో ఎత్తైన చట్రమునకు తగిలించిన కొయ్యపలకలు కనబడును. ప్రభుత్వపు శాసనములను జనులకు తెలుపుటకు ప్రతి మజిలీలోను ఇట్టి పలకలు ఉండెడివి. నేటివి వాని నకళ్లు. దొంగతనము చేయరాదు, మందు కలుపరాదు, ఇత్యాది నిషేధములతోపాటు క్రైస్తవ మతమును కఠినముగా నిషేధించు పలక యొకటి యుండెడిది. ఆ మతస్థుల నాచూకీ తెలిపినవారికి ఇంత సొమ్మని బహుమానము కూడ ప్రకటించిరి. 1873 సం॥న ఆ పలకలను దించివేసిరి. తోసన్ పుట్టిన మఱుసటి యేడన్న మాట. పలక దించిన పదునెనిమిది యేండ్లకే ఆ యూరి బాలుడు మిషను విద్యాలయమునుండి పట్టము పొందెను. అంత శీఘ్రముగా కాలము మాఱెను.

పలకలు దాటిన తరువాత ఊరు వెనుకబడి, ఎదుట వరిమళ్లును, వాని వెనుక 2,191 మీటర్ల ఎన పర్వతమును కనబడును. అక్టోబరులో పెరటి చెట్లకు ఆకులు రాలి, పసుపు కలిసిన ఎఱ్ఱని పండ్లు మాత్రము వ్రేలాడుచుండెను. అవి కకి పండ్లు. మన యడవులలోని తునికిచెట్టునకు ఆ చెట్టు దాయాదియే; పండు మాత్రము మన తునికిపండుకంటె ఎన్నో రెట్లు పెద్దది. ఇండ్ల చూరులక్రింద వానిని తోలు తీసి దండలుగా గ్రుచ్చి యెండబెట్టుదురు.

కనుమకు కొంచెము ఇవతల తోగె యను చిన్న పల్లె గలదు. ఈ పల్లెవారిలో చాలమంది పూర్వము ఎద్దులను తోలి బ్రదికినవారు. గుఱ్ఱముల బరువు మజిలీ మజిలీకి మాఱుచుండును గాని, ఎద్దులవారు మాత్రము మూటలను మాఱ్చక దూరదేశములకు తీసికొనిపోయెడివారు. ఎద్దు నిటారు దారిలో తొట్రుపడదు. రాత్రి బయలనే పండుకొనును. యజమానియు దాని ప్రక్కనే పండుకొనును. మన దేశమున లంబాడీలు ఉప్పుమూటలను ఎద్దులపై వేసికొని తీరమునుండి లోపలి దేశమునకు పోవుచుండిన విధము పెద్దల నోట విన్నవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. ఆ యెద్దుల డెక్కలకు ఇనుప లాడములు లేవు. గడ్డితో అల్లిన చెప్పులు తొడిగెడివారు. మనుష్యులకును అవియే. అరిగిపోయిన గడ్డిచెప్పులు దారి ప్రక్కల గుట్టలుగా పడియుండెడివట.

1856 సం॥న ఈ పల్లె యెద్దులవారు ఒక గొప్ప పని చేసిరి. నకత్సుగవలో సరకులను పంచి పెట్టు వర్తకుడొకడు తమకు రావలసిన కూలిలో అన్యాయముగా కోత పెట్టుచున్నాడని తెలిసికొని, వాని సరకును మోయమని అందఱు ఒక్కమాటగా నిలిచిరి. మూటలు గోదాములలోనే పడియుండెను. వాని కింద బ్రదుకువారు వానిని ఎదిరించుట ఆ కాలమున విననిది. అయినను కడకు వివాదము ఎద్దులవారికే అనుకూలముగా తీఱెను. తోసన్ తన నవలలో దీనిని విపులముగా వర్ణించెను. కనుమ చేరుటకు ముందు ఈ పల్లెలో కొంచెము నిలిచి చూడుడని చదువరులను కోరుచున్నాము. తఱచుగా జనులు ఫలహారశాల లేదని దీనిని దాటి పోవుచుందురు.

కనుమవద్ద చూడదగినదేమియు లేదు. ఒక చిన్న అంగడి, ఒక ఱాయి, ఒక మోటారుబాట. అయితే అది రెండు రాష్ట్రములకు ఎల్ల. 2005 సం॥ వఱకు మగోమెయు త్సుమగోయు నగనో రాష్ట్రమునకే చెందియుండెను. ఆ యేట ఫిబ్రవరి మాసమున మగోమె గల గ్రామము నకత్సుగవతో కలిసి గిఫు రాష్ట్రములో చేరెను.

కనుమ దాటగనే వెలుగు తగ్గును. ఇరుప్రక్కల స్తంభముల వలె నిలిచిన చెట్లు దట్టముగా నుండును. వీనిలో శ్రేష్ఠమైనది హినోకి. పొలుసుల వంటి చిన్న యాకులు, నిటారైన మ్రాను, చెక్కినచో సువాసన, తడిలో నిలిచినను చెడని కలప. ఇసె యను పుణ్యక్షేత్రమున ఇరువది యేండ్ల కొకమాఱు దేవాలయమును క్రొత్తగా కట్టుటకు వాడునది ఈ కలపయే. తోకుగవల కాలమున ఈ యడవులు ఓవరి ప్రభువుల సొత్తు. హినోకి మొదలుగా గల ఐదు జాతుల చెట్లను లోయ జనులు నఱకరాదని శాసించిరి. ఒక చెట్టునకు ఒక తల యని అప్పటి లెక్కను నేటికిని జనులు చెప్పుకొందురు. తన పెరటి వెనుకనే యడవి. ఇంటికి మాత్రము ఆ కలప నుపయోగింపరాదు. కొంత క్రిందికి దిగిన తరువాత దారి ప్రక్కన పూర్వపు తనిఖీ ఠాణా యుండిన స్థలము కనబడును. బాటసారుల మూటలలో దొంగకలప యున్నదేమో యని అచ్చట విప్పి చూచెడివారు. చిన్న కొయ్యగిన్నెలపై సయితము ముద్ర యున్నదా లేదా యని చూచెడివారట. 1869 సం॥న ఆ ఠాణా ఎత్తివేయబడెను. శాసనము క్రూరమే, అడవి నిలిచినదియు దానివలననే. ఈ రెండు మాటలును నిజమే గనుక ఒకదానిని చెప్పి రెండవదానిని దాచుట మాకిష్టము లేదు.

దారిలో అచ్చటచ్చట కొయ్యకు కట్టిన కంచుగంటలు వ్రేలాడుచుండును. ఎలుగుబంట్లు గల యడవి గనుక బాటసారి ఒక్కసారి గంట కొట్టి మఱి ముందుకు పోవలెను. మనుష్యుని అలికిడి విన్న యెలుగు తనంతట తాను తొలగిపోవును. హఠాత్తుగా ఎదురైనప్పుడే మీద పడును. మా ముందు నడచిన పాఠశాల బాలురు మాత్రము ఒక్కొక్క గంటను పదిసార్లకు తక్కువ కాకుండ కొట్టిరి. బాలురు ఏ దేశమున నైనను బాలురే.

తనిఖీ ఠాణాకు చేరువనే ఇచికొకుతోచి యను బయలు గలదు. పూర్వము అచ్చట ఏడిండ్లుండెను. మజిలీకి మజిలీకి నడుమ బాటసారులు అలసట తీర్చుకొను విడిది యది. నేడు మిగిలిన పాత యింటిని టీ యిల్లుగా తెఱచి యుంచినారు. లోపల మట్టినేల, నడుమ చదరపు పొయ్యి, కప్పునుండి వ్రేలాడు కొక్కెమునకు ఇనుప కెటిలు. ఈ ప్రాంతపువారే వంతులువారీగా వచ్చి కూర్చుండి, వచ్చినవారికెల్ల వేడి టీ పోయుదురు. వెల యడుగరు. ఇష్టమున్న యెడల పెట్టెలో నాణెము వేయవచ్చును. పొయ్యి పొగకు మా కన్నులు మండినవి. ఆ పొగయే దూలములను కప్పును పురుగు పట్టకుండ కాపాడుచున్నదని తెలిసిన తరువాత మంట కొంత తగ్గినట్లు తోచెను.

అచ్చటినుండి దిగుచుండగా నీటి చప్పుడు వినవచ్చును. మగ జలపాతము, ఆడ జలపాతము అని రెండు ప్రక్క ప్రక్కనే గలవు. పెద్దవి కావు గాని, వేసవిలో నడచువారికి మిక్కిలి హాయిని గూర్చును. తరువాత ఓ-త్సుమగో యను చిన్న పల్లె. పై యంతస్తు క్రింది దానికంటె వీధివైపు ముందుకు పొడుచుకొని వచ్చిన యిండ్లు ఇచ్చట కొన్ని నిలిచియున్నవి. వానిలో నేటికిని బాటసారులకు బస యిచ్చుచున్నారు.

ఇక త్సుమగో. ఈ యూరి కథయే ఈ వ్యాసమునకు ప్రాణము.

1868 సం॥ తరువాత మజిలీల యేర్పాటు రద్దయ్యెను. ప్రభువుల ఊరేగింపులు లేవు. హోన్‌జిన్‌లకు పని లేదు. 1892 సం॥న కిసో నది యొడ్డు వెంబడి క్రొత్తబాట వేసిరి. అది త్సుమగోను మగోమెను తాకకయే పోయెను. 1911 సం॥న లోయలో రైలుమార్గము పూర్తియయ్యెను. అదియు నది వెంబడియే పోయెను. ఆ దినమునుండి కొండదారిపై నడచువాడు లేడు. త్సుమగో జనులు పట్టుపురుగులను పెంచి, అడవి పనులకు పోయి, కాలము గడపిరి. యువకులు నగరములకు పోయిరి. 1960 తరువాతి యేండ్లలో జపాను దేశమంతట పాత యిండ్లను పడగొట్టి సిమెంటు మేడలు కట్టుచుండగా, త్సుమగోలో మాత్రము పడగొట్టుటకు సయితము ఎవరివద్దను సొమ్ము లేదు. కప్పులు క్రుంగిన యిండ్లు అట్లే నిలిచియుండెను. బీదతనము ఆ యూరిని అంతవఱకు కాపాడెనని చెప్పినచో వింతగా తోచును గాని, అది సత్యము.

అయితే బీదతనము కప్పును బాగుచేయజాలదు. 1968 సం॥న, మెయిజి యుగమునకు నూఱేండ్లు నిండిన సందర్భమున, నగనో రాష్ట్రప్రభుత్వము ఈ యూరిని బాగుచేయుటకు ధనమిచ్చెను. టోకియో విశ్వవిద్యాలయమున వాస్తుచరిత్రాచార్యులగు ఓత హిరొతరొ సలహాలనిచ్చిరి. మూడేండ్లలో 26 ఇండ్లను పూర్వరూపమునకు తెచ్చిరి. అదే యేట ఊరివారందఱు కలిసి 'త్సుమగోను ప్రేమించువారి సంఘము' అను పేర సంఘమును స్థాపించుకొనిరి. సత్రము నడుపువారే కాదు, వీధిలో అంగడి లేనివారును, వెనుక పొలములలో నుండువారును దానిలో సభ్యులే. 1971 సం॥న ఈ సంఘము ఒక నియమపత్రమును ప్రకటించెను. దాని సారము మూడు మాటలు: అమ్మరాదు, అద్దె కియ్యరాదు, పడగొట్టరాదు. ఇండ్లకు మాత్రమే కాదు. పొలములకు, కొండలకు, అడవులకు సయితము ఇదే నియమము.

ఈ మూడు మాటలు చదువుటకు సులభము. వాని బరువును ఒకమాఱు ఆలోచింపవలెను. బాటసారులు వేలకొలది వచ్చుచున్నారు. నగరపు వర్తకుడొకడు సంచినిండ సొమ్ముతో వచ్చి, నీ పాత యింటిని నాకు అమ్ముము, హోటలు కట్టెదనని యడుగును. ఇంటివాని కొడుకు దూరపు నగరమున చదువుచున్నాడు, తల్లికి జబ్బు. అమ్మిన యెడల అన్ని కష్టములు తీఱును. వాడు వలదనవలెను. కిటికీకి అద్దము మార్చవలెనన్నను, గోడకు రంగు వేయవలెనన్నను సంఘము నడుగవలెను. పగటివేళ మోటారు బండ్లు ముఖ్యవీధిలోనికి రాగూడదు. కరెంటు తీగలను, టెలిఫోను తీగలను ఇండ్ల వెనుకకు మళ్లించిరి. ఇంత కట్టుబాటు ఒక బీద కుటుంబమునకు భారమని యొప్పుకొనక తప్పదు. ఇది పైనుండి వచ్చిన శాసనమైన యెడల అడవి శాసనము వలెనే జనులు దీనిని తిట్టుకొని యుందురు. వారు తమకు తామే విధించుకొనిరి గనుక నిలిచినది. చట్టము తరువాత వచ్చెను: 1975 సం॥న జపాను ప్రభుత్వము పాత యూళ్లను రక్షించుటకు చట్టమును సవరించి, 1976 సం॥న మొట్టమొదట ఎన్నుకొనిన ఏడు ప్రదేశములలో త్సుమగోను చేర్చెను. రక్షింపబడు భూమి సుమారు 1,245 హెక్టార్లు. వీధి పొడవు కిలోమీటరు కూడ లేదు. తక్కినదంతయు చుట్టునున్న పొలములును కొండలును. వీధిలో నిలిచి తలయెత్తినప్పుడు కనబడు కొండ చెడినచో వీధియు చెడినట్లేయని వారి యాలోచన.

త్సుమగో వీధి మగోమె వీధివలె నిటారుగా లేదు. మెల్లగా వంపులు తిరిగి పోవును. ఇండ్ల ముందఱ సన్నని కొయ్యపట్టీల జాలకములు. కొన్నిటి కప్పులపై కొయ్యపలకలు పఱచి, గాలికి లేవకుండ పైన ఱాళ్లు పెట్టినారు. ఇనుప మేకులు ఖరీదైన కాలపు యుక్తి యది. ముఖ్యముగా చూడవలసినది ఓకుయ యను పేరుగల వకిహోన్‌జిన్. హినోకి కలపను సామాన్యులు ఇంటికి వాడుకొనుటకు వీలు కలిగిన తరువాత, 1877 సం॥న ఆ గృహస్థులు దానిని ఆ కలపతోనే కట్టిరి. తరతరములుగా కన్నులతో చూచుచు ముట్టుకొనగూడని చెట్టుతో ఇల్లు కట్టుకొనునప్పుడు వారి మనస్సు ఎట్లుండెనో! 1880 సం॥న మెయిజి చక్రవర్తి ప్రయాణములో ఈ యింట విశ్రమించెను. చలికాలపు ఎండ జాలకముల గుండ దూఱి, పొయ్యి పొగలో తెల్లని చాఱలుగా పొయ్యిగది నేలపై పడును. దానిని చూచుటకే డిసెంబరు, జనవరి మాసములలో కొందఱు వత్తురు. దీని కెదురుగా నున్న హోన్‌జిన్ మాత్రము పాతది కాదు. ఇల్లు పోయిన స్థలమున 1995 సం॥న పాత పటముల ననుసరించి మరల కట్టినది. తోసన్ తల్లి పుట్టిల్లు అదియే.

ఆకలి గొన్నవారు గొహెయి మొచి యను దానిని రుచి చూడవచ్చును. వండిన యన్నమును మెదిపి పుల్లకు గ్రుచ్చి, అక్రోటు పలుకులు కలిపి నూఱిన తియ్యని సోయా పాకమును పూసి, నిప్పులపై కాల్చి యిత్తురు. మనకు కారము లేని లోటు తోచును గాని, నడచి వచ్చిన ఆకలికి ఆ లోటు తెలియదు.

ఈ నడకకు ఏప్రిలు, మే, అక్టోబరు, నవంబరు మాసములు మంచివి. జూను మాసమున వానలు, ఱాతిబాట జాఱును. చలికాలమున మంచు పడి గడ్డకట్టును. అడుగున పట్టుగల బూట్లు కావలెను. నున్నని చెప్పులతో పోరాదు. త్సుమగో నుండి రైలెక్కుటకు నగిసో స్టేషను మూడున్నర కిలోమీటర్లు. బస్సు గలదు గాని, ఓపిక మిగిలినవారు నడచియే పోవచ్చును. ఆ దారికి ప్రక్కగా పూర్వపు త్సుమగో కోట యుండిన గుట్ట గలదు. 1584 సం॥న తోకుగవ సేనకు ఎదురొడ్డి నిలిచిన కోట యది. ఇప్పుడు గోడలు లేవు. చెట్లు, ఒక చదునైన బయలు మాత్రము ఉన్నవి. దాని యంచున నిలిచి క్రిందికి చూచినచో త్సుమగో కప్పులన్నియు ఒక వరుసగా కనబడును. వాని వెనుక మనము దిగివచ్చిన కొండయు కనబడును. సాయంకాలము బాటసారులు పోయిన పిమ్మట ఊరివారు తలుపులు మూసికొనుచుండగా, పొయ్యిలలోని పొగ ఆ కప్పుల మీదుగా లేచుచుండును.